సీలు విప్పని పాత బొమ్మ: ఫ్యాక్టరీ అంటించిందా, తర్వాత ఎవరో అతికించారా?

కార్డు, అంటే బొమ్మ వెనుక ఉండే అట్ట, మల్లెపువ్వులా తెల్లగా ఉంది. బొమ్మను కప్పే ప్లాస్టిక్ బబుల్ అద్దంలా మెరుస్తోంది. లోపలి బొమ్మ నడుము బిగుతుగా నిలబడింది. అమ్మేవారు మాత్రం ఇది ముప్పై ఏళ్లుగా చెన్నైలోనే, ఒక ఇంటి అటక మీద ఉందంటున్నారు. అలాంటి బొమ్మను చూసి సంతోషించే ముందు అనుమానించాలి. ఈ ఊరిలో మే నెల ఎండకు అటక పొయ్యిలా కాగుతుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక వారాల తరబడి గోడలకే చెమ్మ పడుతుంది. ఏడాది పొడుగునా సముద్రపు గాలి ఉండనే ఉంటుంది. అట్ట, ప్లాస్టిక్, రబ్బరు, ఇనుము ఈ వాతావరణంలో ఒక్కోటి ఒక్కో తీరులో ముసలివవుతాయి. ఏదీ తప్పించుకోదు.

సీల్డ్ యాక్షన్ ఫిగర్, అంటే సీలు విప్పని, కీళ్లు కదిలే బొమ్మ, కొనేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు వేసుకుంటారు: ఎంత బాగుంది, అసలుదేనా అని. ఆ రెండింటినీ విడదీయడంలోనే మోసానికి చోటు దొరుకుతుంది. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. కార్డు, బబుల్, బొమ్మ, ఈ మూడింటికీ ఒకే వయసు కనిపిస్తోందా? మూడూ సమానంగా పాడైన బొమ్మ ధర తగ్గవచ్చు, కానీ దాన్ని నమ్మవచ్చు. ఒకటి పాతగా, ఒకటి కొత్తగా ఉంటే ఎక్కడో చెయ్యి పడిందన్నమాట.

చెన్నైలో చేతులు మారే సీల్డ్ బొమ్మల్లో జి.ఐ.జో అనే సైనికుల బొమ్మల వాటా పెద్దది. దానికి కారణం ఈ ఊళ్లోనే ఉంది. ఎంఆర్ఎఫ్, అమెరికాకు చెందిన హాస్‌బ్రో కలిసి 1987లో మొదలుపెట్టిన బొమ్మల సంస్థ ఫన్‌స్కూల్ ప్రధాన కార్యాలయం చెన్నైలోనే, ఫ్యాక్టరీల్లో ఒకటి గోవాలో. హాస్‌బ్రో 1982లో తెచ్చిన మూడుముప్పావు అంగుళాల జి.ఐ.జో వరస అమెరికాలో 1994తో ఆగిపోయింది. ఇక్కడ మాత్రం అవే అచ్చులతో ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి బొమ్మలు తయారయ్యాయి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. బొమ్మ వీపు మీదో కాలి మీదో 1986 అని ఉంటే అది 1986లో తయారైనట్టు కాదు. అది ఆ అచ్చు మీద హక్కు నమోదైన సంవత్సరం. అదే అచ్చు నుంచి పదేళ్ల తర్వాత పోసిన బొమ్మ మీద కూడా అదే అంకె ఉంటుంది. 'ఎనభై ఆరు నాటి సీల్డ్ పీస్' అని చెప్పేవారందరూ అబద్ధమాడుతున్నారని కాదు, వారిలో కొందరు ఆ అంకెను నిజంగానే అలా అర్థం చేసుకుంటారు.

భారతీయ కార్డు వయసు తేల్చడానికి బొమ్మ కన్నా కార్డు వెనుక భాగమే ఎక్కువ పనికొస్తుంది. 1977 నాటి ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద ధర, తయారైన లేదా ప్యాక్ చేసిన నెల, సంవత్సరం ఉండాలి. ఆ ముద్ర కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. అది చెరిగిపోయి ఉంటే చిరునామా చూడాలి. మద్రాసు 1996లో చెన్నై అయింది, బొంబాయి 1995లో ముంబై అయింది. ఎనభైల చివరి బొమ్మ అని చెప్పే కార్డు మీద చెన్నై అని అచ్చయి ఉంటే ఆ మాట నిలవదు. 890తో మొదలయ్యే బార్‌కోడ్ భారతీయ సంస్థలకు ఇచ్చేది. ఆ కోడ్‌లు ఇచ్చే సంస్థ మన దేశంలో మొదలైంది 1996లో. వెబ్‌సైటు చిరునామా ఉంటే తొంభైల చివరికి ముందుది కాదు. బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది 2021 జనవరి 1 నుంచి, కాబట్టి ఆ గుర్తూ లైసెన్సు నంబరూ ఉన్న 'పాత స్టాకు' పాతది కానే కాదు. దీనికి వ్యతిరేక దిశలో, ధర పక్కన 'లోకల్ ట్యాక్సెస్ ఎక్స్‌ట్రా' అన్న మాట కనిపిస్తే అది కార్డు పాతదనడానికి మంచి సూచన.

ధర స్టిక్కర్ దగ్గర కాసేపు ఆగాలి. షాపు ముందు వరసలో వేలాడిన కార్డుకు వెలుతురు తగిలి ముందు ఎరుపు, పసుపు రంగులు వెలిసిపోతాయి. నీలం, నలుపు ఎక్కువ కాలం నిలుస్తాయి. అందుకే ఎండ తగిలిన కార్డు మొత్తం నీలిగా కనిపిస్తుంది. స్టిక్కర్ కింద మాత్రం అసలు రంగు అలాగే దాగి ఉంటుంది. స్టిక్కర్ అంచు కాస్త లేచిన చోట చూస్తే, కింద రంగు చిక్కగా, బయట వెలిసి ఉండాలి. బయటా కిందా రంగు ఒకేలా వెలిసి ఉంటే ఆ స్టిక్కర్ కార్డు వెలిసిన తర్వాత వచ్చి చేరింది. స్టిక్కర్ పక్కనే ఖాళీగా, చిక్కటి రంగులో ఒక చతురస్రం కనిపిస్తే పాత స్టిక్కర్‌ని పీకి, మరో ధర వేశారని అర్థం.

ఇక అసలు విషయం బబుల్ అతుకు. ఫ్యాక్టరీలో ఇక్కడ జిగురు డబ్బా ఉండదు. కార్డు ముందు వైపు వేడికి కరిగే పూత ఒకటి ఉంటుంది. బబుల్ చుట్టూ ఉండే పలచని అంచును వేడి అచ్చుతో కొన్ని క్షణాలు నొక్కితే పూత కరిగి అంచు అట్టకు పట్టుకుంటుంది. అందువల్ల అసలు సీలుకు మూడు గుర్తులుంటాయి. అంచు వెడల్పు నాలుగు వైపులా ఒకే తీరుగా నొక్కుకుని ఉంటుంది. కార్డు వెనుక అదే ఆకారంలో సన్నటి అదుము కనిపించవచ్చు. అంచు కింద పొర సమానంగా, తడి లేని మెరుపుతో ఉంటుంది. ఒకసారి ఊడదీసి మళ్లీ అతికించినప్పుడు ఈ సమానత్వం పోతుంది. నిజమైన సీలును పీకితే పూతతో పాటు అట్ట పీచు కూడా లేచి వస్తుంది. ఆ చిరిగిన పీచు మీద జిగురు రాసినా అంచు కింద మబ్బులా, తెల్లటి మరకల్లా కనిపిస్తుంది. ఫెవిక్విక్ లాంటి జిగురు వాడితే చుట్టుపక్కల ప్లాస్టిక్ మీద తెల్లటి పొగ పట్టినట్టు ఉంటుంది, ఎందుకంటే దాని ఆవిరి అక్కడే గడ్డకడుతుంది. గన్‌తో పోసే వేడి జిగురు గడ్డలు గడ్డలుగా కనిపిస్తుంది. రెండు వైపుల టేపు అయితే దాని అంచు గీతలా నిటారుగా ఉంటుంది.

వీటిని పై నుంచి చూస్తే పట్టుకోలేం. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చిని కార్డుకు దాదాపు సమాంతరంగా, పక్క నుంచి వెయ్యాలి. చిన్న ఎత్తుపల్లాలకు కూడా నీడలు పడతాయి. నాలుగు వైపుల నుంచీ అలా చూశాక, బబుల్ అడుగు అంచును విడిగా చూడాలి. మొత్తం బబుల్ ఊడదీయకుండా, అడుగున బ్లేడుతో సన్నగా కోసి బొమ్మను మార్చి, కోతను మూసేయడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. కోత గీత సాధారణంగా అట్ట అంచుకూ బబుల్ గోడకూ మధ్య మలుపులో దాక్కుంటుంది.

కరెన్సీ నోట్లు చూసే యూవీ టార్చి ఇప్పుడు ప్రతి సేకరణకారుడి దగ్గరా ఉంది. దాని మీద పెట్టుకునే నమ్మకం మాత్రం అతి. కొత్త కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం యూవీ కింద నీలంగా వెలుగుతుంది, నిజమే. కానీ ఆ రసాయనాలు కాగితం పరిశ్రమలోకి 1950ల నాటికే వచ్చాయి. అందుచేత ఎనభైల నాటి అసలు కార్డు కూడా వెలగవచ్చు. 'వెలిగింది కాబట్టి నకిలీ' అన్న తీర్పు చెల్లదు. యూవీని వాడాల్సింది పోల్చి చూడటానికి. అదే వరసలోని, అసలుదని తేలిన కార్డును పక్కన పెట్టి రెండూ ఒకేలా స్పందిస్తున్నాయా అని చూడాలి. ఒకే కార్డులో అంచు చుట్టూ జిగురు గీత మాత్రమే వేరుగా వెలిగితే, అది పనికొచ్చే సాక్ష్యం.

కార్డు మొత్తమే కొత్తగా అచ్చేసి ఉంటే పది రెట్లు పెద్దది చేసే లూప్ కావాలి, నగల దుకాణాల్లో వాడే భూతద్దం సరిపోతుంది. శివకాశి క్యాలెండర్‌ని దాని కింద పెట్టి చూస్తే ఆఫ్‌సెట్ అచ్చు ఎలా ఉంటుందో కంటికి అలవాటవుతుంది: నాలుగు రంగుల చుక్కలు పువ్వు రేకుల్లా వరసగా పేర్చి ఉంటాయి, నల్ల అక్షరాలు మాత్రం చుక్కలు లేని గట్టి నలుపు. పాత కార్డును స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే ఆ నల్ల అక్షరం కూడా ఫోటోలో భాగమైపోతుంది, అక్షరం అంచున నీలం, ఎరుపు చుక్కలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. ఇంక్‌జెట్ అయితే చుక్కలకు వరసే ఉండదు. ఏ పరీక్షా లేనంత తేలికగా, కొన్ని క్షణాల్లో దొంగ కార్డును పట్టించేది ఈ చిన్న నల్ల అక్షరమే. ఫోటోల మీద ఆధారపడి కొనేటప్పుడు కూడా కార్డు వెనుక చిన్న అక్షరాలను ఫోన్ మాక్రోలో దగ్గరగా తీసి పంపమనాలి.

వేలాడదీసే చిల్లు కూడా ధరను మారుస్తుంది. చిల్లులోని అట్ట ముక్క తొలగని కార్డుకు, అంటే షాపులో ఎప్పుడూ వేలాడని దానికి, ఎక్కువ పలుకుతుంది. అందుకే ఊడిన ముక్కను వెతికి వెనుక నుంచి అతికిస్తారు. కార్డు వెనుక నుంచి గట్టి వెలుతురు పంపితే ఫ్యాక్టరీ కోతలో అక్కడక్కడ పట్టి ఉంచే పీచు వంతెనలు కనిపిస్తాయి. అతికించిన చోట చుట్టూ వెలుతురు గీత పూర్తి వలయంగా ఉంటుంది, లేదా జిగురు వల్ల మొత్తం మసకగా ఉంటుంది.

లోపలి బొమ్మ గురించి చెప్పేటప్పుడు ఒక విరిగిన బొమ్మను సమర్థించాలి. జి.ఐ.జో బొమ్మ పైభాగాన్నీ కాళ్లనూ కలిపి పట్టుకునేది నడుములో ఉన్న నల్ల రబ్బరు రింగు. అది ఎప్పుడూ సాగదీసి ఉంటుంది. సాగిన రబ్బరును గాలిలోని ఓజోన్, వేడి కలిసి పగులగొడతాయి. అందుకే సీలు విప్పని బొమ్మలోనే నడుము తెగి, కాళ్లు బబుల్ అడుగున పడి ఉండటం చాలాసార్లు చూస్తాం. కొత్తవారు అది చూసి వదిలేస్తారు. వదిలేయకూడదు, ఎవరూ విప్పలేదనడానికి అదో గట్టి సూచన. రింగు కొత్తది దొరుకుతుంది, సీలు దొరకదు. కార్డును నెమ్మదిగా ఒక పక్కకు వంచి కాళ్లు ఎలా జారుతున్నాయో చూస్తే చాలు. ఊపకూడదు, పెళుసైన బబుల్‌కి లోపలి నుంచే దెబ్బ తగులుతుంది.

నమ్మకూడనిది మరొకటి ఉంది. సీల్డ్ అని చెప్పే బొమ్మ మోచేతి దగ్గర, తొడ కీలు దగ్గర పెయింటు అరిగి ఉంటే ఆ బొమ్మ ఆడుకున్నదే. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు పెయింటు వంకరగా పడొచ్చు, మరకలూ పడొచ్చు. ఇక్కడ తయారైన బొమ్మల్లో రంగు తేడాలు సహజం, కొన్ని తేడాల కోసమే వాటిని వెతుక్కునేవారూ ఉన్నారు. కానీ కీళ్లు తిప్పిన అరుగుదల వేరు. అది సమానమైన అర్ధచంద్రాకారపు గీతగా ఉంటుంది. వీపు మీది స్క్రూ గాడిని కూడా చూడాలి. చెన్నైలో గాలి తగిలిన స్క్రూకి కాస్త తుప్పు సహజం. గాడి అంచులు మాత్రం నలిగి మెరుస్తుంటే స్క్రూడ్రైవర్ పడింది. బొటనవేళ్లు విరగడం ఈ బొమ్మల్లో మామూలే, కానీ అది తుపాకీ పెట్టి తీసినప్పుడు విరిగేది. సీలు లోపల విరిగిన వేలు, దాని ముక్క కూడా లోపలే లేకుండా ఉంటే, ప్రశ్న వేయాల్సిందే.

హీ-మ్యాన్ బొమ్మల లోపలా కాళ్లను పట్టి ఉంచేది రబ్బరే, కాబట్టి ఇదే లెక్క. తల మెత్తటి పీవీసీ, ఒళ్లు గట్టి ప్లాస్టిక్. ముప్పై ఏళ్లకు తల జిగటగా మారి ఒంటి ప్లాస్టిక్‌కి అంటుకోవడం, నూనెలా మెరవడం ప్లాస్టిసైజర్, అంటే ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచే రసాయనం, బయటికి కారుతున్న గుర్తు. ట్రాన్స్‌ఫార్మర్లలో బంగారు రంగు మెరుపు కలిపిన ప్లాస్టిక్ కొన్నిటిలో లోపలి నుంచే పొరలుగా పెళుసై, ముట్టుకుంటే విరుగుతుంది. అలాంటివాటికి సీలు విప్పి చూడటమే పెద్ద ప్రమాదం.

విదేశీ బొమ్మలు, ముఖ్యంగా 1978లో మొదలైన, కెన్నర్ సంస్థ తయారుచేసిన స్టార్ వార్స్ సినిమా పాత్రల బొమ్మలు, బెంగళూరు, చెన్నై సేకరణల్లోకి ఎక్కువగా బయటి నుంచి వస్తాయి. వీటి మీద నకిలీ పనితనం ఎంతో ముదిరింది. వాటిలో జావా అనే చిన్న బొమ్మకు మొదట వినైల్ అంగీ ఉండేది, త్వరలోనే గుడ్డ అంగీ వచ్చింది. మొదటి దానికి ఉన్న ధర కోసం అదే వరసలోని ఓబీ-వాన్ బొమ్మ అంగీని కత్తిరించి జావాకు తొడుగుతారు. బోబా ఫెట్ అనే మరో బొమ్మ వీపు రాకెట్ నిజంగా ఎగిరే నమూనా ఎప్పుడూ దుకాణాలకు రాలేదు, పిల్లలు మింగుతారన్న భయంతో రాకెట్‌ని కదలకుండా బిగించే అమ్మారు. అలాంటి ఒక నమూనా 2024లో అమెరికా వేలంలో 5,25,000 డాలర్లకు పోయింది. అందువల్ల 'రాకెట్ ఎగిరే బోబా ఫెట్, సీల్డ్ కార్డు మీద' అని ఎవరైనా చూపిస్తే పరీక్షలు అవసరం లేదు, కెన్నర్ అలాంటి సరుకే అమ్మలేదు.

అమెరికాలో ఏఎఫ్ఏ, సీఏఎస్ వంటి సంస్థలు కార్డుకు, బబుల్‌కు, బొమ్మకు విడివిడిగా మార్కులు వేసి అక్రిలిక్ పెట్టెలో బిగించి పంపుతాయి. విలువైన విదేశీ బొమ్మకు అది సబబే. ఇక్కడి కార్డు మీది సాధారణ బొమ్మకు రానుపోను రవాణా, బీమా, తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ తలనొప్పి లెక్కేస్తే బొమ్మ ధరనే దాటిపోవచ్చు. మన దేశం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచిన సంగతి గుర్తుంచుకోవాలి. అక్రిలిక్ పెట్టెలో ఉన్నదాన్ని కొనేటప్పుడు పెట్టె మీది నంబరును ఆ సంస్థ దగ్గరే సరిచూసుకోవాలి, లేబుళ్లనూ నకలు చేస్తారు. బిగించిన రోజు మార్కు బిగించిన రోజుదే, బబుల్ ఆ పెట్టెలోనూ పసుపెక్కుతుంది.

లోపలి సామాను అంతా ఉందా లేదా అని బరువు తూచి తేల్చే పద్ధతి వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది కానీ ఇక్కడ పెద్దగా పనిచేయదు. కాగితం గాలిలో 50 శాతం తేమ ఉంటే తన బరువులో సుమారు ఏడు శాతం నీటిని, 80 శాతం ఉంటే సుమారు పదకొండు శాతం నీటిని పట్టి ఉంచుతుంది. 15 గ్రాముల కార్డు నవంబరులో ఒక బరువు, ఏసీ గదిలో మరో బరువు తూగుతుంది. తేడా అర గ్రాము దాటుతుంది. చిన్న తుపాకీ ఒకటి మాయమైందా లేదా అన్నది ఆ తేడాలో కలిసిపోతుంది.

కొన్న తర్వాత సంగతి. బబుల్ పసుపెక్కడానికి దుమ్ము కారణం కాదు. పీవీసీ వేడికీ వెలుతురుకీ కొద్ది కొద్దిగా విరిగి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువును వదులుతుంది, మిగిలిన ప్లాస్టిక్ గొలుసులు పసుపు రంగు పుంజుకుంటాయి. ఆ ఆమ్లమే స్క్రూని తుప్పు పట్టించి, అట్టనూ పెళుసు చేస్తుంది. అందుకే గాలి చొరబడని పెట్టెలో ఏళ్ల తరబడి బిగించి ఉంచడం మంచిది కాదు, నాలుగైదు నెలలకోసారి తెరవాలి. పైన వాడే కవరు పీఈటీ లేదా పాలీప్రొపైలీన్‌ది కావాలి. మెత్తటి పీవీసీ కవరు బబుల్‌కి అతుక్కుంటుంది.

తేమను 45 నుంచి 55 శాతం మధ్య నిలపాలి. ఇరవై లీటర్ల మూత డబ్బాకు తేమను పీల్చే సిలికా జెల్ కొద్దిగా చాలు. నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారే రకం తీసుకోవాలి. మారాక ఓవెన్‌లో 110–120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తుంది. ఎక్కువ జెల్ వేస్తే మేలు అనుకోవద్దు, 35 శాతం కిందికి దిగితే కార్డు వంగి సీలు మీద లాగుడు పడుతుంది. చవక తేమ మీటర్లు ఐదారు శాతం తప్పు చూపిస్తాయి. సీసా మూతలో ఉప్పు పోసి కొద్ది చుక్కల నీటితో ముద్దలా తడిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్లో పది గంటలు ఉంచితే 75 చూపాలి, ఎంత తప్పితే అంత సరిచేసుకోవాలి. రాత్రి మాత్రమే ఏసీ వేసే పడకగది అన్నిటికన్నా చెడ్డ చోటు. రోజూ తేమ పైకీ కిందికీ ఊగుతుంది, అట్ట ఉబ్బి ముడుచుకుని చివరికి సీలు లేస్తుంది. పురుగుల కోసం చీరల పెట్టెలో వేసినట్టు కలరా ఉండలు వేయకూడదు, నాఫ్తలీన్ ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. సిల్వర్‌ఫిష్‌కి అట్ట మీది పూతా పిండి జిగురూ ఇష్టం, డబ్బా మూత గట్టిగా ఉండి లోపల పొడిగా ఉంటే అది రాదు.

2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను అప్పుడూ చెన్నైలో చాలా ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. కార్డు తడిసినప్పుడు చేతికి మొదట తోచేది ఎండలో పెట్టడం, అదే చేయకూడనిది. ఎండకు ముందు వైపు పూత ముందుగా ఆరి కార్డు విల్లులా వంగుతుంది, రంగూ పోతుంది. శుభ్రమైన తెల్ల బ్లాటింగ్ కాగితం మీద కార్డును బబుల్ పైకి ఉండేలా పడుకోబెట్టి, నీడలో ఫ్యాను గాలి పైనుంచి నేరుగా కాకుండా పక్కగా వచ్చేలా పెట్టాలి. మొదటి రోజు రెండు గంటలకోసారి కాగితం మార్చాలి. ముట్టుకుంటే చల్లగా అనిపిస్తున్నంత వరకు బరువు పెట్టకూడదు. ఆ తర్వాత బబుల్ చుట్టూ ఖాళీ వదిలి కత్తిరించిన అట్టను కార్డు అంచుల మీద మాత్రమే వేసి, దాని పైన తేలికపాటి పుస్తకాలు ఒకటి రెండు పెట్టి వారం ఉంచాలి. బూజు చుక్కలు వచ్చి ఉంటే తడిగా ఉన్నప్పుడు తుడవకూడదు, పూర్తిగా ఆరాక మెత్తటి బ్రష్‌తో, ముక్కుకి మాస్కు కట్టుకుని, ఇంటి బయట దులపాలి. బబుల్ లోపలికి నీళ్లు చేరి ఉంటే సీలు తీయకుండా ఆరబెట్టే దారి దాదాపు లేదు. ఆ బొమ్మను అమ్మేటప్పుడు తడిసిందన్న మాట కార్డుతో పాటే చెప్పాలి.